లెంటులో పదో తరగతి

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు కుటుంబాల్లో లీలావతి అంత బాగా కంఠతా పట్టగల మనిషి మరొకరు లేరు. రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో సండే స్కూలుకు వెళ్ళే రోజుల నుంచే బైబిలు వాక్యాల పోటీలో మొదటి బహుమతి ఆమెదేనని అందరికీ ముందే తెలుసు. పెళ్ళై, రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో వెల్డరుగా ఉన్న ఐజాక్ వెంట ఇక్కడికి వచ్చాక కూడా ఆ పేరు పోలేదు. అందరూ సగంలో తడబడే పొడవాటి కీర్తనను ఆమె కళ్ళు మూసుకుని అందుకుంటే చివరి మాట దాకా ఒక్క అక్షరం జారేది కాదు. ముందు అధ్యాయం, వచనం చెప్పి, వాక్యం అప్పజెప్పి, మళ్ళీ అధ్యాయం, వచనం చెప్పి కూర్చునేది. కూర్చున్నాక కాస్త కొంగు సర్దుకునేది. ఆపాటి గర్వం ఎవరికైనా ఉంటుంది. కాని ఆ విద్యే ఆమె కొంప ముంచింది.

తొమ్మిదో తరగతి తర్వాత లీలావతి చదువు ఆగిపోయింది. ఎందుకు ఆగిందన్నది పెద్ద కథేమీ కాదు, చాలామంది ఆడపిల్లలకు ఆగినట్టే ఆగింది. ఇద్దరు పిల్లలు బడికి వెళ్ళే వయసుకొచ్చాక ఆమెకు నర్సు కావాలని కోరిక పుట్టింది. సర్కారు వాళ్ళ నర్సుల ట్రైనింగులో చేరాలంటే పదో తరగతి పాసవ్వాలి. వయసు కూడా దాటకూడదు. పదో తరగతి ప్రైవేటుగా కట్టవచ్చు గాని, ఆ చదువంతా హిందీలో. బజారు హిందీ ఆమెకు వచ్చు. బంగాళాదుంపల బేరానికి సరిపోయే హిందీతో సైన్సు ఎలా రాస్తారు?

కంఠతా పట్టి రాస్తారు. లీలావతి అదే చేసింది. గైడు పుస్తకం తెచ్చుకుని, సైన్సు, సోషలు, హిందీ, లెక్కలతో సహా అన్నీ వాక్యాలు పట్టినట్టు పట్టేసింది. నాలుగో పాఠం, ఆరో ప్రశ్న అని ఎవరైనా అంటే చాలు, జవాబు గడగడా వచ్చేసేది. పరీక్ష హాల్లో అలవాటు కొద్దీ ప్రతి జవాబు మీదా పాఠం, ప్రశ్న నంబరు వేసి మరీ రాసింది. పేపరులో ప్రశ్నలు మాత్రం గైడులో ఉన్నట్టు లేవు. ఒకటి అటు తిరిగి ఉంది, ఒకటి ఇటు తిరిగి ఉంది. ఆమె వాటిలో తెలిసిన మాట ఒకటి వెతుక్కుని, ఆ మాట ఉన్న జవాబు దించేసింది. హిందీ తప్ప అన్నీ పోయాయి.

మార్కులొచ్చిన సాయంత్రం పక్క క్వార్టరు భీమారావు లీలావతి వాళ్ళ వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, వర్క్‌షాపులోనే మేస్త్రీ. ఐజాక్‌కు పెద్ద దిక్కు, లీలావతికి బాబాయిగారు.

"ఏటమ్మా, అన్నీ కంఠతా వచ్చునంటావు, మరెలా పోయినాయి? నీరు ఎప్పుడు మరుగుతాది, చెప్పు."

లీలావతి కళ్ళు మూసుకుంది. తేటగా, తప్పులేని హిందీలో జవాబు అప్పజెప్పింది.

"బాగుంది. మరైతే మీ అత్తగారు మామూలు గిన్నెలో పప్పు పడేస్తే గంట పడతాది, కుక్కర్లో ఇట్టే ఉడికిపోతాది. ఎంచేత?"

లీలావతి వేళ్ళ మీద పాఠాలు లెక్కపెట్టుకుంది. "అది ఏ పాఠంలో ఉంది బాబాయిగారూ?" అని అడిగింది.

భీమారావు పగలబడి నవ్వాడు. ఐజాక్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. నవ్వనిది ఒక్క దీనమ్మే. దీనమ్మ లీలావతికి అత్తగారు. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఆయాగా పనిచేసి, మోకాళ్ళు అరిగాక మానేసిన మనిషి. సంఘంలో ఆడవాళ్ళందరికీ ఆమె మాటంటే హడల్. ఆమె బియ్యం చాట కింద పెట్టి, కోడలి వంక తేరిపార చూసింది.

"నా కోడలికి జవాబులన్నీ వచ్చు. ప్రశ్నలే రావు," అంది.

ఆ మాట లీలావతికి ముల్లులా గుచ్చుకుంది. నిజం కాబట్టి ఇంకా లోపలికి దిగింది.

మళ్ళీ కట్టింది. ఇదే ఆఖరుసారి. వచ్చే ఏడాదికి ట్రైనింగు వయసు దాటిపోతుంది కాబట్టి ఈసారి పోతే ఇక పోయినట్టే. పగలంతా వంటా పిల్లలూ సరిపోయేవి. చదువుకు మిగిలేది సాయంత్రమే. భీమారావు ఆదివారాలు లెక్కలు చెబుతానన్నాడు. వెనక వరసలో ఉండే ఊర్మిళ ధర్సీవా వైపు పల్లె నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ మనిషి, హిందీలో మెట్రిక్ పాసైంది, హిందీ దిద్దిపెడతానంది. అంతా కుదిరిందనుకునేసరికి ఫిబ్రవరి సగం అయింది. ఈస్టరుకు ముందు నలభై రోజుల ప్రార్థనల కాలం, లెంటు వచ్చేసింది.

లెంటంటే మన కాలనీలో సామాన్యం కాదు. ఈస్టరు దాకా ప్రతి సాయంత్రం ఒక ఇంట్లో ప్రార్థన. ఈ రోజు వీళ్ళిల్లు, రేపు వాళ్ళిల్లు. పాటలు, వాక్యం, ప్రార్థన మనవులు, చివర టీ, గుగ్గిళ్ళు. ఏ ఇంటి కోడలైనా రాకపోతే మర్నాడు కుళాయి దగ్గర ఆమె గురించే మాట. అందులోనూ పాట ఎత్తుకునేది లీలావతి. పరీక్షలేమో మార్చిలో.

"అత్తయ్యా, ఈ ఒక్క ఏడూ నేను రాలేనండి. ఆ టైంలో కాస్త చదువుకుంటాను," అని భయపడుతూనే అడిగింది.

"ప్రార్థన మానేసి పరీక్ష రాత్తావా?" అంది దీనమ్మ. "కుదరదు. పద, చాపలు తియ్యి. మొదటి ప్రార్థన మనింట్లోనే."

లీలావతి చాపలు పరిచింది. మనసులో మాత్రం అత్తగారిని చాలా అనుకుంది. ఈవిడకు నా చదువు ఇష్టం లేదు, పైకి చెప్పలేక దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటోంది, అనుకుంది. చాప అంచులు అవసరమైన దానికంటే గట్టిగా విదిలించింది.

ఆ సాయంత్రం ఇల్లు నిండింది. పాట అయింది, సంఘపెద్ద అబ్రహాం వాక్యం చెప్పాడు. అబ్రహాం వర్క్‌షాపులో వ్యాగన్లకు రంగులేసే పనిలో ఉన్నాడు. ఏడు గంటలకు ప్రార్థన అంటే ఆయన గడియారంలో ఏడే. ప్రార్థన మనవులు చెప్పమనగానే దీనమ్మ గోడ పట్టుకుని లేచింది.

"నా కోడలు పదో తరగతి రాత్తంది. మీరంతా ప్రార్థన చేత్తామంటారు. చెయ్యండి. కాని దేవుడు పైనుంచి దిగొచ్చి దీనికి సైన్సు చెప్పడు గదా. అందుకని రేపటి నుంచి ఏ ఇంట్లో ప్రార్థనైనా ఇది అరగంట ముందే వచ్చి గుమ్మంలో కూర్చుంటది. చెప్పులిడిచి లోపలికొచ్చే ప్రతి మనిషీ దీన్ని ఒక ప్రశ్న అడగాలి. పుస్తకంలోది కానక్కర్లేదు. మీకు ఏ సవాల్ తోస్తే అదే. మీకు అర్థమయ్యేదాకా వదలొద్దు."

లీలావతి చేతిలోని పాటల పుస్తకం జారి ఒళ్ళో పడింది.

"దీనమ్మక్కా, టైం..." అని అబ్రహాం మొదలుపెట్టాడు.

"టైం నీ గడియారంలో ఉంది గాని, ఆ పిల్లకు లేదయ్యా," అని దీనమ్మ కూర్చుంది.

లీలావతికి అప్పుడు అత్తగారి మొహం చూడటానికి సిగ్గేసింది.

మొదటి రోజులు నవ్వులాటగానే గడిచాయి. "ఇవాళ మా ఇంట్లో ఏం కూర?" అని అడిగి లోపలికి పోయినవాళ్ళున్నారు. కాని మనిషికి ప్రశ్న అడిగే అవకాశం దొరకాలే గాని, అది అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదు. నాలుగిళ్ళు తిరిగేసరికి జనం ప్రశ్నలు ఆలోచించుకుని మరీ రావడం మొదలుపెట్టారు. పాల వ్యాపారం చేసే మరియమ్మ, ఎండాకాలంలో పాలు ఎందుకు త్వరగా విరుగుతాయని అడిగింది. లీలావతి గైడులోని సూక్ష్మజీవుల జవాబు హిందీలో ఎత్తుకుంది.

"ఆగవే. నువ్వేం చెప్పావో నాకొక్క ముక్క అర్థం కాలా. పురుగులుంటే నాకు కనపడవా? రోజూ వడకట్టేది నేనే గదా."

లీలావతి ఆగింది. జీవితంలో మొదటిసారి ఒక జవాబు మధ్యలో ఆగింది. కనపడనంత చిన్నవి ఉంటాయని, వాటికీ వెచ్చదనం ఇష్టమేనని, పిండి పులిసినట్టే పాలూ విరుగుతాయని, మరిగిస్తే అవి చస్తాయని, వెతుక్కుంటూ, తడుముకుంటూ తెలుగులో చెప్పింది. చెబుతుంటే తనకే తెలిసింది, ఇన్నాళ్ళూ తను ఆ పాఠం చదవనేలేదని. నోటితో తిప్పిందంతే. మరియమ్మ తల ఊపి లోపలికి వెళ్ళింది.

ఇక రాజోలు వైపు నుంచే వచ్చిన సూరమ్మ వంతు. ఆమె రాయపూర్ పక్కన పారే ఖారూన్ నది మీద పడింది. ఈ ఏటి నీళ్ళు ఎక్కడికి పోతాయంది. శివనాథ్‌లో కలుస్తాయని, శివనాథ్ మహానదిలో కలుస్తుందని, మహానది ఒరిస్సా దాటి బంగాళాఖాతంలోకి పోతుందని లీలావతి నేల మీద వేలితో గీసి చూపించింది.

"బంగాళాఖాతమంటే మన అంతర్వేది దగ్గరుండే సముద్రమేనా?"

"అదే పిన్నీ. ఆ సముద్రమే."

సూరమ్మ వంగి ఆ గీత చివర వేలు ఆనించింది. "అయితే మనం మరీ దూరం రాలేదన్నమాట," అని కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత మహానది దారి లీలావతి మరిచిపోవాలన్నా మరిచిపోలేదు.

ప్రార్థనతో పనిలేని భీమారావు కూడా రావడం మొదలుపెట్టాడు. వరండాలో కూర్చుని, "ఒక వ్యాగనుకు నేనొక్కణ్ణీ రంగేస్తే ఆరు రోజులు, అబ్రహాం ఒక్కడూ వేస్తే మూడు రోజులు. ఇద్దరం కలిసి వేస్తే?" అని అడిగాడు. లీలావతి వేళ్ళ మీద భాగాలు చేసి రెండు రోజులంది.

"రెండు కాదు, పది," అన్నాడు లోపలి నుంచి అబ్రహాం. "భీమారావు కబుర్లు లెక్కలోకి తీసుకోలేదు నువ్వు."

ఊర్మిళ వచ్చిన రోజు జవాబు హిందీలో చెప్పాలి. ఆమె అడిగేవన్నీ పౌరశాస్త్రం ప్రశ్నలే. ఊళ్ళో సర్పంచి మాట వినకపోతే జనం ఎవరి దగ్గరికి వెళ్ళాలి, పన్ను ఎందుకు కట్టాలి, ఇలా. లీలావతి గైడు మాటల్లోకి జారగానే ఊర్మిళ చెయ్యి అడ్డం పెట్టేది. "దీదీ, కితాబ్ బంద్ కరో. అప్నే మన్ సే బోలో," అనేది. పుస్తకం మూసి మనసులోంచి చెప్పమని. ముక్కలు ముక్కలుగా, తప్పులతోనే, లీలావతి తన సొంత హిందీలో చెప్పేది. ఊర్మిళ ఆ తప్పులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టేది.

లెంటు సగం గడిచేసరికి గుమ్మం దగ్గర సంత తయారైంది. ఒకరి ప్రశ్నకు ఇంకొకరు జవాబు చెప్పడం, కాదని మూడోవాడు వాదించడం. ఏడింటి ప్రార్థన ఏడున్నరకు జారింది. ఒకరోజు అబ్రహాంకు సహనం చచ్చింది. "ఇది ప్రార్థనా, ట్యూషనా? రేపు మా ఇంట్లో కూటం. ఏడంటే ఏడు. చెప్పులిడిచి నోరు మూసుకుని లోపలికి రండి," అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదని లీలావతికి తెలుసు. తన ఒక్కదాని పరీక్ష కోసం ఇంతమంది సాయంత్రాలు తినేస్తున్నానని ఆమెకు లోలోపల ఉండనే ఉంది. మర్నాడు అబ్రహాం ఇంట్లో ఆమె గుమ్మంలో కూర్చోలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి చాప చివర కూర్చుంది. వచ్చినవాళ్ళు గుమ్మంలో ఒక క్షణం ఆగి, ఆమె లేకపోవడం చూసి, దొంగల్లా లోపలికి నడిచారు. ఏడు కొట్టింది. అబ్రహాం లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు.

"అమ్మా లీలా," అన్నాడు. "వారం నుంచీ ఒకటి అడుగుదామని చూత్తన్నా, ఈ గొడవలో నా వంతు రాలేదు. భూమి తిరుగుతాదంటారు గదా, బొంగరం కంటే జోరుగా. నేను నిచ్చెన మీద నిలబడి పొద్దస్తమానం రంగేత్తాను. డబ్బా పక్కనే ఉంటది. ఒక్క చుక్క ఒలకదేం?"

నవ్వు ఎవరు మొదలుపెట్టారో తెలీదు గాని ఇల్లు ఊగిపోయింది. దీనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లీలావతి నవ్వలేదు. ఈ ప్రశ్న ఎక్కడా చదవలేదు. ఏ పాఠంలో ఉందని వెతుక్కోలేదు కూడా. రైల్లో వచ్చేటప్పుడు చేతిలోని టీ గ్లాసు గుర్తు తెచ్చుకుంది.

"పెదనాన్నగారూ, విశాఖ బండి జోరుగా పోతున్నప్పుడు గ్లాసులో టీ ఒలకదు కదండీ. బండీ, మనమూ, టీ అన్నీ ఒకే వేగంతో పోతుంటాం. డ్రైవరు బ్రేకు వేస్తేనే ఒలుకుతుంది. భూమి కూడా అంతే. మీరూ, నిచ్చెనా, డబ్బా అన్నీ దాంతోపాటే తిరుగుతున్నాయి."

"అంటే భూమి బ్రేకు వెయ్యదు," అన్నాడు అబ్రహాం.

"వెయ్యదండీ."

"అయితే ప్రార్థన చేసుకుందాం," అని కళ్ళు మూసుకుని, ఇన్నేళ్ళుగా భూమిని బ్రేకు వెయ్యకుండా నడిపిస్తున్న తండ్రికి స్తోత్రాలు చెల్లించాడు. అంత మనసారా చేసిన ప్రార్థన ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు. మర్నాటి నుంచి గుమ్మంలో ప్రశ్నలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి అందరికంటే ముందు వచ్చేది అబ్రహామే.

పరీక్షలు వచ్చాయి. లీలావతి సైన్సు పేపరు తెరిచింది. వానాకాలంలో తడి బట్టలు ఎందుకు త్వరగా ఆరవో కారణం రాయమని ఒక పెద్ద ప్రశ్న. కాలనీలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. పోయినేడు లాగే, తెలిసిన మాట ఉన్న జవాబు ఏదో ఒకటి దించెయ్యాలని కలం లేచింది.

అప్పుడు మరియమ్మను తలుచుకుంది. నడుం మీద చెయ్యి వేసుకుని, తడి చీర పట్టుకుని, ఆగవే, నాకర్థమయ్యేలా చెప్పు అంటున్నట్టు తలుచుకుంది. గాలిలో ముందే తడి నిండి ఉంటే బట్టలోని తడి ఎక్కడికి పోతుంది పిన్నీ, నిండిన గదిలోకి ఇంకొకరు దూరగలరా, అని మనసులో చెప్పుకుంది. దాన్ని ఊర్మిళకు చెప్పినట్టు హిందీలో రాసింది. తప్పులుంటే ఉన్నాయి. చివర "అర్థమైందా?" అని కూడా రాసేసి, నాలుక కరుచుకుని కొట్టేసింది.

ఫలితాలు పేపర్లో పడిన రోజు ఐజాక్ డ్యూటీ నుంచి వస్తూ భన్‌పురిలో టీ కొట్టు దగ్గర పేపరు చూశాడు. నంబరు ఉంది. థర్డ్ డివిజన్. లెక్కల్లో గట్టెక్కడానికి ఎన్ని కావాలో అన్నే వచ్చాయని తర్వాత తెలిసింది. ఐజాక్ సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆ మాట చెప్పగానే లీలావతి ఇంట్లో నిలవలేకపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా మరియమ్మ ఇంటికి, సూరమ్మ ఇంటికి, ఊర్మిళ ఇంటికి వెళ్ళింది. భీమారావు, "కుక్కరు సంగతి ఇప్పుడైనా తెలిసిందేటి?" అని అడిగితే, ఆవిరి సంగతి, ఒత్తిడి సంగతి అంతా చెప్పి మరీ కదిలింది. తన ఇంటి గోడకు రంగేసుకుంటున్న అబ్రహాం నిచ్చెన దిగి వచ్చి, రంగు చేతులు ఆమెకు అంటకుండా వెనక్కి పెట్టుకుని, "స్తోత్రం తల్లీ," అన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు. అందరూ పొడవాటి కీర్తన వస్తుందనుకున్నారు. లీలావతి లేచి నిలబడి, "నేనొక్కదాన్నీ పాసవ్వలేదు. మీరందరూ కలిసి నన్ను పాస్ చేశారు. మీకు అర్థం కాలేదని నాతో నిజం చెప్పారు. అదే మీరు చేసిన మేలు. మీ అందరికీ జీవితాంతం రుణపడి ఉంటాను," అని కూర్చుండిపోయింది. కొంగు సర్దుకోవడం గుర్తే రాలేదు.

ట్రైనింగులో సీటు వచ్చింది. జులైలో మొదటి రోజు. తెల్లవారుతూనే పిల్లలకు అన్నాలు కట్టి, లోపలి గదిలో ట్రైనింగు నర్సుల నీలం అంచు తెల్లచీర కట్టుకుని, జడ పైకి మడిచి లీలావతి బయటికి వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న దీనమ్మ తలెత్తి చూసింది. చూస్తూనే చాట పక్కకు నెట్టి, మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆసరాతో లేచి నిలబడింది.

లీలావతికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నర్సు వార్డులోకి వస్తే ఆయాలు లేచి నిలబడాలి. అన్నం తింటున్నా, కాళ్ళు లాగుతున్నా నిలబడాలి. అన్నేళ్ళ అలవాటు.

"అయ్యో, అత్తయ్యా, నేనండీ," అని దగ్గరికి వెళ్ళి భుజాలు పట్టుకుంది. "కూర్చోండి. మోకాళ్ళు నొప్పెడతాయి."

"తెలుసులేవే, నువ్వేనని," అంది దీనమ్మ. "ఇన్నాళ్ళూ నిలబడకపోతే తిడతారని నిలబడ్డాను. ఇయ్యాల నాకై నాకు నిలబడాలనుంది. కాసేపు ఉండనియ్యి."

లీలావతి ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చింది. కొత్త చీర నలుగుతోందని దీనమ్మ కసిరింది గాని, తను కూడా ఏడుస్తూనే ఉంది. బస్సుకు టైమవుతోందని ఐజాక్ బయటి నుంచి కేకేశాడు. లీలావతి మొహం తుడుచుకుని బయల్దేరింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా దీనమ్మ గుమ్మంలో నిలబడే ఉంది.